‘మిస్టర్ వాంపైర్’ (1985): తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జవాబుల్లో కథంతా బయటపడిపోతుంది. సినిమా ఇంకా చూడనివాళ్ళు మొదటి రెండు ప్రశ్నలూ, భాష గురించిన ప్రశ్నా చదివి, చూసొచ్చాక మిగతావి చదవండి.

ఇది ఎవరు తీసిన సినిమా? ఎప్పటిది?

హాంకాంగ్‌లో 1985 నవంబరు 7న విడుదలైన కాంటనీస్ సినిమా. కాంటనీస్ అంటే హాంకాంగ్ జనం మాట్లాడే చైనా భాష. నిడివి 96 నిమిషాలు. దర్శకుడు రికీ లౌ. అప్పటిదాకా కెమెరా పట్టిన మనిషి, దర్శకత్వం ఇదే మొదలు. నిర్మాత సామో హంగ్. దయ్యాల కథలో కుంగ్‌ఫూ, నవ్వు కలిపి 1980లోనే ఒక సినిమా తీసి, తనే హీరోగా వేసి, జనం ఇలాంటివి చూస్తారని తేల్చుకున్నవాడు ఈయన. ‘మిస్టర్ వాంపైర్’ ఆ దారిలోనే పుట్టింది. హాంకాంగ్ థియేటర్లలోనే రెండు కోట్ల హాంకాంగ్ డాలర్లకు పైగా వసూలు చేసింది. హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో దీని సంగీతానికి బహుమతి వచ్చింది.

కాంటనీస్‌లో దీని పేరు ‘గ్యోంగ్ సీ సిన్ సాంగ్’. ‘గ్యోంగ్ సీ’ అంటే కొయ్యబారిన శవం. ‘సిన్ సాంగ్’ మన ‘గారు’ లాంటి మాట. అదే మాటతో పంతుళ్ళనూ, సమాధికి స్థలం చూసిపెట్టే సిద్ధాంతులనూ కూడా పిలుస్తారు. అందుకని చెవికి ‘శవంగారు’ అనీ తగులుతుంది, ‘శవాల పంతులుగారు’ అనీ తగులుతుంది. ఇంగ్లీషు పేరులో ఆ రెండో అర్థం నిలవలేదు.

కథ క్లుప్తంగా చెప్పండి.

చైనాలో రాచరికం పోయి రిపబ్లిక్ వచ్చిన తొలి రోజులు. ఒక చిన్న ఊళ్ళో కౌ అనే తావో పురోహితుడు శవాల సత్రం నడుపుతుంటాడు. పూడ్చడానికి మంచి రోజు కుదిరేదాకా, సొంతూరు చేర్చేదాకా శవపేటికలను అక్కడ ఉంచుతారు. ఆయనకు ఇద్దరు శిష్యులు: చురుకైన చౌసాంగ్, అమాయకుడు మాన్‌చోయ్. ఊరి ధనవంతుడు యామ్ తన తండ్రిని పూడ్చి ఇరవై ఏళ్ళయిందని, శవాన్ని తవ్వి తీసి వేరేచోట మళ్ళీ పూడ్చాలని కౌ దగ్గరికి వస్తాడు. పేటిక తెరిస్తే శవం కుళ్ళలేదు. అక్కడినుంచి కష్టాలు మొదలవుతాయి. లేచిన శవం మొదట చంపేది కన్నకొడుకునే. యామ్ కూతురు టింగ్‌టింగ్‌ను కాపాడటం, ఆ శవాన్ని అంతం చేయడం మిగతా కథ. మధ్యలో ఒక ఆడదయ్యం చౌసాంగ్‌ను వలలో వేసుకుంటుంది.

జియాంగ్‌షీ అంటే రక్తపిశాచమేనా? మన బేతాళుడి లాంటిదా?

మాండరిన్‌లో జియాంగ్‌షీ, కాంటనీస్‌లో గ్యోంగ్‌సీ. రెండూ ఒకటే. ‘వాంపైర్’ అన్నది బయటి ప్రేక్షకుల కోసం పెట్టిన పేరు.

పాత చైనా నమ్మకంలో మనిషికి ఒక్క ఆత్మ కాదు. ‘హున్’ అనే పై ఆత్మలు మూడు, ‘పో’ అనే దేహాన్ని అంటిపెట్టుకున్న ఆత్మలు ఏడు. చనిపోయాక హున్ వెళ్ళిపోతుంది. సరిగా పూడ్చకపోతేనో, చోటు చెడ్డదైతేనో పో దేహంలోనే ఉండిపోతుంది. బుద్ధి పోయి, ఆకలి మాత్రం మిగిలిన దేహమే జియాంగ్‌షీ. అందుకే అది మాట్లాడదు, బతిమాలితే వినదు, కొడుకనీ మనవరాలనీ గుర్తుపట్టదు.

చందమామలో బేతాళ కథలు చదివి పెరిగినవాళ్ళకు ఇక్కడే తేడా తెలిసిపోతుంది. విక్రమార్కుడు భుజాన వేసుకున్న శవంలో ఉన్న బేతాళుడు కథ చెప్తాడు, ప్రశ్న వేస్తాడు, రాజు జవాబు చెప్పి మౌనం వీడగానే ఎగిరిపోయి చెట్టెక్కుతాడు. అది శవంలో దూరిన మరో జీవి. జియాంగ్‌షీలో దూరింది ఎవరూ లేరు, శవమే కదులుతోంది.

సినిమాలో కౌ దీనికి ఇంకా తేలిక మాట చెప్తాడు: కోపంతో, ఉక్రోషంతో పోయినవాడి చివరి ఊపిరి గొంతులోనే నిలిచిపోతుంది, ఆ ఒక్క ఊపిరే శవాన్ని లేపుతుంది. మనం ‘కొన ఊపిరి’ అనేది దీనికి చాలా దగ్గర. ఆ మాట గుర్తుంచుకుంటే సినిమాలో సగం నియమాలు వాటంతట అవే అర్థమవుతాయి.

గీరితే, కొరికితే ఎదుటివాడూ శవంలా మారడం మాత్రం పాశ్చాత్య రక్తపిశాచ సినిమాల్లో బాగా అలవాటైన సంగతి. రెండు సంప్రదాయాలనూ ఈ సినిమా అతుకు కనబడకుండా కలిపింది.

అవి నడవకుండా గంతులెందుకు వేస్తాయి? ఆ దుస్తులేమిటి?

కొయ్యబారిన దేహంలో మోకాళ్ళు వంగవు, మోచేతులు వంగవు. కదలాలంటే రెండు కాళ్ళూ కలిపి ఎగరాల్సిందే. చేతులు ముందుకు చాచి ఉండేదీ అందుకే. చైనా పాత ఇళ్ళకు గడపలు ఎత్తుగా కట్టింది ఇవి దాటి రాకుండానే అని జనం చెప్పుకుంటారు.

దీని వెనక ఇంకో కథ ఉంది. హునాన్ రాష్ట్రం పడమటి కొండల్లో, సియాంగ్‌సీ ప్రాంతంలో, ‘శవాలను తోలుకెళ్ళడం’ అనే వృత్తి ఉండేదని ప్రతీతి. దూరదేశంలో కూలికి పోయి చనిపోయినవాణ్ణి సొంతూరి మట్టికి చేర్చాలి. బండికి డబ్బు ఉండదు. అప్పుడు శవాలను వరసగా నిలబెట్టి, అటొకటి ఇటొకటి రెండు పొడవాటి వెదురు బొంగులకు చేతులు కట్టి, ముందొకడు వెనకొకడు మోసేవారని చెప్తారు. కావడి మోసేటప్పుడు బద్ద ఎలా పైకీ కిందికీ ఊగుతుందో చూశారు కదా, వెదురూ అలాగే ఊగుతుంది. చీకట్లో దూరంనుంచి చూసేవాడికి బొంగులు కనబడవు, ఒకే లయలో ఎగురుతున్న మనుషులు కనబడతారు. ముందు నడిచే పురోహితుడు గంట వాయించేది జనం తప్పుకోవాలని. సినిమా మొదట్లో ‘నాలుగు కళ్ళ గురువు’ గంట వాయిస్తూ తన శవాల వరసను కౌ సత్రానికి తెచ్చేది ఈ వృత్తినే చూపిస్తుంది. కళ్ళద్దాలు పెట్టుకుంటాడు కాబట్టి ఆ పేరు.

ఇక దుస్తులు. అవి చైనాను చివరగా ఏలిన చింగ్ రాజవంశపు అధికారుల ఉడుపులు. కలవారిని అలాంటి దుస్తుల్లో పూడ్చేవారు. కథ జరిగే కాలానికి ఆ రాజ్యం పోయింది. పైన లోకం కాఫీ హోటళ్ళదాకా వచ్చింది, కిందనుంచి లేచి వస్తున్నది మాత్రం పాత దొరతనం. ఒక్క దుస్తులతోనే ఆ తేడా కంటికి కడుతుంది.

కౌను అందరూ ‘కౌ సుక్’ అంటారు. అది పేరా, వరసా?

వరసే. ‘కౌ’ అంటే తొమ్మిది, ‘సుక్’ అంటే బాబాయ్. నాన్న తమ్ముణ్ణి పిలిచే మాట. ఊళ్ళో పెద్దమనిషిని మనం రక్తసంబంధం లేకపోయినా బాబాయ్ అన్నట్టే వాళ్ళూ అంటారు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళలో ‘అంకుల్’ అని పడేసరికి ఆ మాటలో ఉన్న గౌరవం, చనువు రెండూ తగ్గిపోతాయి. శిష్యులు మాత్రం ఆయన్ను ‘సిఫు’ అంటారు, అంటే గురువుగారు.

సమాధి దగ్గర కౌ చెప్పిన లెక్క అర్థం కాలేదు.

సినిమాకు గుండెకాయ ఆ సన్నివేశమే, కాబట్టి నిదానంగా చెప్పుకుందాం.

ఆ స్థలాన్ని ‘తూనీగ నీటిని తాకే చోటు’ అంటారు. తూనీగ తోకకొనతో నీళ్ళను ఇలా తాకి అలా లేస్తుంది. అంటే ఆ నేలలో మేలుచేసే భాగం చాలా చిన్నది. కౌ లెక్క ప్రకారం చైనా అడుగుల్లో ఆ స్థలం పొడవు 34, అందులో పనికొచ్చేది 4. వెడల్పు 13, పనికొచ్చేది 3. పేటికను పడుకోబెడితే ఆ చోటులో పట్టదు, నిలువుగా దించాలి. అంతవరకూ పూడ్చినవాళ్ళు సరిగ్గానే చేశారు.

తప్పు పైన జరిగింది. తూనీగ నీటిని తాకాలంటే పేటిక తల భాగానికి మంచు, తడి తగలాలి. వీళ్ళు సిమెంటు పోసి మూసేశారు. నీరు చేరే దారి లేదు. చోటు మంచిదే, పద్ధతీ మంచిదే, మూతొక్కటే తప్పు. మంచి జరగకపోగా యామ్ వ్యాపారం ఇరవై ఏళ్ళుగా దిగజారుతూ వచ్చింది, శవమూ కుళ్ళకుండా నిలిచిపోయింది.

ఇది పొరపాటు కాదు. ఆ స్థలం అసలు ఒక సిద్ధాంతిది. యామ్ తండ్రి బెదిరించీ ఆశపెట్టీ లాక్కున్నాడు. సిమెంటు పోయమని చెప్పింది ఆ సిద్ధాంతే. అయినా ఇరవై ఏళ్ళ తర్వాత తవ్వి తీయమని కూడా ఆయనే చెప్పాడు. దాన్నిబట్టి ఆయనలో ఇంకా కొంత మనసుందని కౌ అంటాడు: ఒక తరాన్ని చెరిచాడు గానీ పద్దెనిమిది తరాలను చెరచలేదు.

పేటిక తెరిచే ముందు ఫలానా వయసులవాళ్ళు, కోడి ఏడాదిలోనూ ఎద్దు ఏడాదిలోనూ పుట్టినవాళ్ళు వెనక్కి తిరగాలని పురోహితుడు చెప్పడం కూడా ఆ ఆచారంలో భాగమే.

కౌ వెంటనే అక్కడే దహనం చేయమంటాడు. యామ్ ఒప్పుకోడు. తండ్రి బతికున్నప్పుడు నిప్పంటే చాలా భయపడేవాడని కారణం చెప్తాడు. ఆ ఒక్క మాట కోసం ఇన్ని ప్రాణాలు పోతాయి. చివరికి ఆ శవం కాలిపోయేదీ నిప్పులోనే.

అగరొత్తులు చూసి కౌ ఎందుకు కంగారుపడ్డాడు?

తవ్విన గోతి చుట్టూ ప్లమ్ పువ్వు ఆకారంలో అగరొత్తులు గుచ్చి, ఎలా కాలాయో చూసి చెప్పమని, చుట్టుపక్కల సమాధులన్నిటికీ కూడా ఒత్తులు వెలిగించమని శిష్యులకు చెప్పి వెళ్తాడు. వాళ్ళు తెచ్చి చూపించిన మూడు ఒత్తుల్లో రెండు పొట్టిగా కాలి ఒకటి పొడుగ్గా మిగిలింది. ‘మనుషులు భయపడేది మూడు పొడుగు రెండు పొట్టికి, అగరొత్తులు భయపడేది రెండు పొట్టి ఒక పొడుగుకి’ అని కౌ అంటాడు. ఏ ఇంటికి సంబంధించి ఒత్తులు అలా కాలితే ఆ ఇంట్లో ఎవరో పోతారని అర్థం.

‘మూడు పొడుగు రెండు పొట్టి’ అన్నది చైనావాళ్ళకు నోట్లో నానిన నుడికారం, ‘జరగరానిది జరిగితే’ అనడానికి వాడతారు. మూత వేయని శవపేటికలో పొడుగు పలకలు మూడు, పొట్టివి రెండు అని దానికి చెప్పే వివరణ. ఆ నుడికారం తెలిస్తేనే కౌ మాటలో బిగువు తెలుస్తుంది.

అదే సందర్భంలో చౌసాంగ్ ఒక సమాధికి ఒత్తులు పెట్టి, ఇరవై ఏళ్ళకే పోయిందే పాపం అంటాడు. వెనకనుంచి ఆడగొంతు ధన్యవాదాలు చెప్తుంది. ఆడదయ్యం జేడ్ కథ అక్కడ మొదలవుతుంది. చాలామంది ఆ చిన్న శబ్దాన్ని వదిలేసి, ఈమె ఎక్కడినుంచి ఊడిపడింది అని అడుగుతుంటారు.

పేటికమీద గీసిన నల్ల గీతలేమిటి? అంత కష్టపడి గీసినా శవం ఎలా బయటికొచ్చింది?

మన వడ్రంగులు, తాపీ మేస్త్రీలు రంగుపొడి పట్టించిన దారాన్ని రెండు కొనల దగ్గరా బిగపట్టి, మధ్యలో పట్టి లాగి వదిలి తిన్నటి గీత కొడతారు కదా, ఇదీ అదే పనిముట్టు. చైనా వడ్రంగి దగ్గర చిన్న కొయ్యబుడ్డిలో సిరా ఉంటుంది, దారం అందులోంచి తడిసి వస్తుంది. తిన్నటి గీత ధర్మానికి గుర్తు, వంకర పని చేసేది దాన్ని దాటలేదని నమ్మకం.

కౌ అడిగేవి ఐదు: కాగితం, కుంచె, సిరా, కత్తి, ఖడ్గం. శిష్యుడికి అర్థం కాక మొహం చూస్తే విడమరిచి చెప్తాడు: పసుపు కాగితం, ఎర్ర కుంచె, నల్ల సిరా, వంటింటి కత్తి, చెక్క ఖడ్గం. వంటింటి కత్తి కోడిపుంజు కోసం. దాని రక్తం సిరాలో కలుస్తుంది. పుంజు తెల్లారగట్ల కూసి చీకటిని తరుముతుంది కాబట్టి దాని రక్తం చీకటి జీవులకు గిట్టదు.

తర్వాత శిష్యులు ఇద్దరూ పేటిక పైనా, నాలుగు పక్కలా దారం లాగి గీతలు కొడతారు. అడుగుభాగానికి మాత్రం కొట్టరు. ఆరు ముఖాల్లో ఐదు పూర్తయ్యాయి, ఆరోది కంటికి కనబడదు. శవం లేవడానికి ఆ ఒక్కటీ చాలు.

ఈ సినిమా అంతా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. మంత్రం ఎప్పుడూ వికటించదు, మనుషులే ఎక్కడో ఒక చోట కొంచెం తక్కువ చేస్తారు. నవ్వు పుట్టేది ఆ తక్కువ దగ్గరే, భయం పుట్టేదీ అక్కడే. నియమాలు ఇంత కచ్చితంగా లేకపోతే రెండూ పుట్టేవి కావు. దీన్ని చూసి తీసిన చాలా సినిమాలు గంతులు తీసుకున్నాయి గానీ ఈ కచ్చితత్వాన్ని తీసుకోలేదు. అవి చప్పగా ఉండటానికి కారణం అదే.

నుదుటి మీద అంటించే పసుపు కాగితం ఎలా పనిచేస్తుంది?

దాన్ని ‘ఫూ’ అంటారు. పసుపు కాగితం మీద సింధూరపు ఎరుపుతో రాస్తారు. చాలావాటిలో పైన కనిపించే మాటకు ‘ఆజ్ఞ’ అని అర్థం. ప్రభుత్వ ఉత్తర్వు ఎలా మొదలవుతుందో అలా. అంటే పురోహితుడు తన సొంత బలంతో ఆపడం లేదు, పైలోకపు ఉత్తర్వు చూపించి ఆపుతున్నాడు.

కాగితం నుదుటన ఉన్నంతసేపు శవం బొమ్మలా నిలబడుతుంది. గాలికి ఎగిరినా, ఎవరి చెయ్యైనా తగిలి ఊడినా అది లేస్తుంది. సినిమా మొదట్లోనే గాలికి కాగితాలు లేచిపోయి, నాలుగు కళ్ళ గురువు తెచ్చిన శవాలన్నీ ఒకేసారి కదులుతాయి. కాగితం దొరకనప్పుడు కౌ తన వేలు కొరికి, ఆ రక్తపు బొట్టును నుదుట పెట్టి ఆపుతాడు.

జిగురు బియ్యమే ఎందుకు? మామూలు బియ్యం పనికిరాదా?

సినిమా లెక్కలో పనికిరాదు. శవపు గోళ్ళలో ఉన్న విషాన్ని లాగేది జిగురు బియ్యం. మాన్‌చోయ్‌ను శవం గీరాక కౌ వైద్యం ఇలా ఉంటుంది: గాయానికి జిగురు బియ్యం పట్టించాలి, నేలమీద పరిచి దానిమీద ఉండాలి, ఒళ్ళు బిగుసుకోకుండా కదులుతూ ఉండాలి. పాపం మాన్‌చోయ్ ఆ బియ్యం మీద చిందులు తొక్కుతూనే ఉంటాడు.

బియ్యం తెమ్మని చౌసాంగ్‌ను పంపిస్తారు. జిగురు బియ్యం ఖరీదు ఎక్కువ. కొట్టువాడు సంచిలో మామూలు బియ్యం కలిపేస్తాడు. మోతాదు తప్పింది, మందు సగమే పనిచేసింది, మాన్‌చోయ్ మారడం మొదలుపెట్టాడు. పేటిక అడుగు మర్చిపోవడం బద్ధకం, ఇది కల్తీ. కిరాణా కొట్లో బియ్యం గుప్పిట్లోకి తీసుకుని చూసే అలవాటున్న మనకు ఈ సన్నివేశం వివరించి చెప్పక్కర్లేదు.

మన సోనామసూరి లాంటివి వండితే మెతుకు మెతుకూ విడిగా వస్తుంది. జిగురు బియ్యపు గింజ పాలలా తెల్లగా, లోపలికి వెలుతురు పోకుండా ఉంటుంది, వండితే ముద్దగా అతుక్కుంటుంది. మెతుకును విడిగా ఉంచే అమైలోజ్ అనే పదార్థం దాని పిండిలో దాదాపు లేకపోవడమే కారణం. తెరమీద పోసిన గింజల్లో ఆ పాలతెలుపు గమనించండి.

ఊపిరి బిగబడితే శవం నిజంగా కనిపెట్టలేదా?

జియాంగ్‌షీ కంటితో వెతకదు, బతికున్నవాడి ఊపిరిని పట్టి వస్తుంది. గొంతులో నిలిచిన ఒక్క ఊపిరితో లేచినది ఇంకొకరి ఊపిరి కోసమే తిరుగుతుందన్నది కౌ మాటకు పొడిగింపు. దీనివల్ల దర్శకుడికి గొప్ప వెసులుబాటు దొరికింది. శవం మొహంలో మొహం పెట్టి నిలబడుతుంది, మనిషి బుగ్గలు ఉబ్బించి నిలబడతాడు, థియేటర్లో చూసేవాళ్ళూ తెలియకుండా ఊపిరి బిగబడతారు. డబ్బు ఖర్చు లేని భయం అది.

నటుల గురించి?

కౌగా వేసిన లామ్ చింగ్‌యింగ్ చిన్నప్పుడే పెకింగ్ ఒపేరా (చైనా సంప్రదాయ సంగీత నాటకం) నేర్పే బడిలో చేరి, తర్వాత బ్రూస్ లీ సినిమాల స్టంట్ బృందంలో పనిచేశాడు. 1952 డిసెంబరులో పుట్టాడు, అంటే ఈ సినిమా తీసేనాటికి 32 ఏళ్ళు. కలిసిపోయిన కనుబొమలు, నెరిసిన జుట్టు, నిక్కచ్చి నడక కలిసి ఆయన్ను యాభై ఏళ్ళ పెద్దాయనలా చూపిస్తాయి. శిష్యుడు మాన్‌చోయ్‌గా వేసిన రికీ హుయ్ 1946లో పుట్టాడు. తెరమీద గురువు కంటే శిష్యుడు ఆరేళ్ళు పెద్ద! ఒక్క క్షణం కూడా మనకు ఆ అనుమానం రాదు.

శవంగా వేసింది యువెన్ వా. బ్రూస్ లీ సినిమాల్లో ఆయన బదులు పల్టీలు కొట్టిన మనిషి. సామో హంగ్, జాకీ చాన్‌లతో పాటు ఒకే ఒపేరా బడిలో పెరిగాడు. ‘కుంగ్‌ఫూ హజిల్’ చూసినవాళ్ళకు అందులో ఇంటి ఓనరుగా గుర్తుంటాడు. మోకాలు వంచకుండా కదులుతూ అంత వేగంగా కొట్లాడటం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నిస్తే తెలుస్తుంది.

చౌసాంగ్‌గా చిన్ సియుహో, టింగ్‌టింగ్‌గా మూన్ లీ, జేడ్‌గా పాలిన్ వాంగ్, గప్పాలు కొట్టే పోలీసు అధికారి వాయ్‌గా బిల్లీ లౌ, నాలుగు కళ్ళ గురువుగా ఆంథోనీ చాన్.

కాంటనీస్‌లో చూడాలా, ఇంగ్లీషు డబ్బింగ్ చాలా?

కాంటనీస్‌లోనే చూడండి. లామ్ చింగ్‌యింగ్ పాత్ర సగం ఆ మాట తీరులోనే ఉంది. డబ్బింగ్‌లో అది కార్టూన్ గొంతైపోతుంది.

సబ్‌టైటిళ్ళలో ఎలాగూ కొన్ని జోకులు జారిపోతాయి. నిలువుగా పూడ్చడాన్ని కౌ ‘ఫాట్ జోంగ్’ అంటాడు. ఇక్కడ ‘ఫాట్’ అంటే పద్ధతి, శాస్త్రం. కానీ కాంటనీస్‌లో ఫ్రాన్స్ దేశం పేరు కూడా ‘ఫాట్’తోనే మొదలవుతుంది. ఫ్రెంచివాళ్ళ పద్ధతిలో పూడ్చడమా అని శిష్యుడు అడిగేది అందుకే. హాస్యం లేని ప్రశ్నలా కనబడితే సబ్‌టైటిల్ అక్కడ ఓడిపోయిందన్నమాట.

కాఫీ హోటల్ సన్నివేశానికి మాత్రం ఏ భాషా అక్కర్లేదు. ముందు వెనక తెలియక కాఫీ, పాలు, పంచదార విడివిడిగా పుచ్చుకునే కౌ, మాన్‌చోయ్‌లను చూస్తే చాలు. అంతటి గురువూ అక్కడ పసివాడైపోతాడు.

బ్రిటన్‌లో 2020లో బ్లూరే వచ్చింది. ఏ ప్రింటు దొరికినా ముందు రెండు సంగతులు చూసుకోండి: కాంటనీస్ ఆడియో ఉందా, నిడివి 96 నిమిషాలకు దగ్గరగా ఉందా. బాగా తక్కువుంటే కత్తిరించిన ప్రతి. ఇలాంటి పేర్ల సినిమాలు చాలా ఉన్నాయి కాబట్టి 1985 అన్న ఏడాదిని కూడా సరిచూసుకోండి.

తర్వాతి భాగాలు ఏ వరసలో చూడాలి?

రెండో భాగం 1986, మూడోది 1987, నాలుగోది 1988, ఆపైన ‘మిస్టర్ వాంపైర్ 1992’. అన్నిటికీ రికీ లౌయే దర్శకుడు. కానీ ఇవి ఒకే కథకు కొనసాగింపులు కావు. రెండోది ఆధునిక హాంకాంగ్‌లో జరుగుతుంది, అందులో శవాల కుటుంబం, పిల్ల శవం ఉంటాయి. నాలుగోదాంట్లో లామ్ చింగ్‌యింగ్ లేడు. ఆయన కోసమే చూసేవాళ్ళు అది వేసుకుని నిరాశపడతారు. మొదటి సినిమాకు నిజంగా దగ్గరిది 1992లో వచ్చినదే, పాత గురువూ శిష్యులూ మళ్ళీ కనిపిస్తారు.

మా సలహా: మొదటిది, తర్వాత మూడోది, ఆ తర్వాత 1992ది. మిగతావి తీరికను బట్టి.

జపాన్‌లో ఈ సినిమా 1986లో విడుదలై పెద్ద వెర్రి లేపింది. జియాంగ్‌షీని వాళ్ళు ‘క్యోన్‌షీ’ అంటారు. ఇప్పటికీ అక్కడి కామిక్స్‌లో, వీడియో గేముల్లో నుదుట కాగితంతో గంతులేసే బొమ్మలు కనిపిస్తే దాని మూలం ఇదే.

పిల్లలకు చూపించవచ్చా?

పదేళ్ళు దాటినవాళ్ళు పెద్దల పక్కన కూర్చుని చూడొచ్చు. గంతులకు వాళ్ళు నవ్వుతారు. ముందే చెప్పుకోవాల్సినవి మూడు. కోడిని కోసే దృశ్యం ఉంది. జేడ్ తల మొండెం నుంచి వేరుపడి వస్తుంది. చౌసాంగ్, జేడ్‌ల మధ్య సన్నివేశం చిన్నపిల్లల కోసం కాదు. జేడ్ పల్లకీ వెంట పిల్లల గొంతుల్లో వినిపించే పాట కొందరు పిల్లలను శవంకంటే ఎక్కువ భయపెడుతుంది, రాత్రి పడుకునే ముందు మాత్రం వద్దు.

స్కూలు ఫంక్షన్‌కి గంతులేసే శవం వేషం వేయాలి. ఎలా?

కాగితం దగ్గరే అందరూ పొరపాటు చేస్తారు. నుదుటికి జిగురు పూసి అంటిస్తే చెమటకు ఊడిపోతుంది, చర్మం మండుతుంది. టోపీ ముందంచు లోపలివైపు రెండువైపులా అంటుకునే టేపుతో పై అంచు ఒక్కటే అంటించండి. ఏడు సెంటీమీటర్ల వెడల్పు, ఇరవై సెంటీమీటర్ల పొడవు చాలు. గడ్డం దాటితే నోటికి అడ్డం పడుతుంది. పల్చటి కాగితమైతేనే ఊపిరికి లేచి పడుతుంది, అట్టముక్క లేవదు. రాత ఎర్రగా ఉండాలి, నల్లగా కాదు.

మొహానికి ఉత్త తెలుపు పూస్తే స్టేజీ లైట్లకు పిండిబొమ్మలా ఉంటుంది. తెలుపులో చిటికెడు బూడిద రంగు కలిపి, కళ్ళ చుట్టూ, బుగ్గల గుంటల్లో ముదురు చేయండి.

గంతుకు మడమలు కలిపి, పాదం ముందుభాగం మీద లేవాలి. దూరంనుంచి మోకాళ్ళు వంగనట్టు కనబడాలి గానీ, నేలకు దిగేటప్పుడు కొంచెం వంచాల్సిందే. పొడుగు అంగీ ఆ వంపును దాచేస్తుంది. బిగుసుకుని దిగితే పది గంతులకే మోకాళ్ళు పట్టేస్తాయి. ఒక్కో గంతు ఒక అడుగు దూరం మించకూడదు, ఎత్తు జానెడు చాలు. చేతులు భుజాల ఎత్తులో, అరచేతులు కిందికి. ఐదారుగురు వరసగా వస్తుంటే గంట కొట్టేవాడు ఒక్కో గంతుకు ఒక్కో దెబ్బ కొట్టాలి, లేకపోతే మూడో గంతుకే వరస చెదురుతుంది. స్టేజీ మీద బియ్యం మాత్రం నిజమైనవి పోయకండి. సాఫీగా ఉన్న నేలమీద గింజలపై కాలుజారి పడతారు.

లామ్ చింగ్‌యింగ్ తర్వాత ఈ తరహా సినిమాలు ఆగిపోయాయా?

ఆయన కాలేయ క్యాన్సర్‌తో 1997 నవంబరు 8న పోయాడు, అప్పటికి 44 ఏళ్ళే. అప్పటికే ఈ ధోరణి చల్లబడింది. ఒకే అచ్చులో పోసిన సినిమాలు మరీ ఎక్కువయ్యాయి, ప్రతి దర్శకుడికీ ఆ పసుపు అంగీలో ఆయనే కావాల్సి వచ్చింది. ఎన్ని వేషాలు వేసినా జనం ఆయన్ను కౌ సుక్‌గానే పిలిచారు.

మాన్‌చోయ్‌గా వేసిన రికీ హుయ్ 2011లో పోయాడు. తేదీ మళ్ళీ నవంబరు 8. రెండేళ్ళకు, 2013లో, జూనో మాక్ అనే దర్శకుడు ‘రిగర్ మార్టిస్’ తీసి ఆ ఇద్దరికీ అంకితం చేశాడు. అందులో చిన్ సియుహో ఒకప్పుడు పేరున్న నటుడిగా, పాత అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా దిగిన మనిషిగా కనిపిస్తాడు. ఆంథోనీ చాన్ పురోహితుడు, ఇప్పుడు ఆ జిగురు బియ్యంతో అన్నం వండి అమ్ముకుంటున్నాడు. అందులో నవ్వులు లేవు. ‘మిస్టర్ వాంపైర్’ చూసిన వారం లోపల చూడండి, మొహాలన్నీ గుర్తుపడతారు.